కిటికీ మూలా, నిలువు స్పీకర్లూ

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ నాకు అనుమానమే. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. మధ్యలో కుక్కరు కూత వేస్తే ఆ పేజీ మర్నాటికి వాయిదా. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నేను నెమ్మదిగా రాశానని మీరూ నెమ్మదిగా చదవనక్కర్లేదు.

నాకు చదువు రాకపోవడానికి కారణం బీదరికం కాదు, మా ఆయన. ఆయన రైసు మిల్లులో గుమాస్తా. రోజూ సాయంత్రం వసారాలో కూర్చుని పేపరు మొదటి వార్త నుంచి చివరి ప్రకటన దాకా పైకి చదివేవారు. నేను బియ్యం ఏరుతూ వినేదాన్ని. "నాకూ నేర్పరాదూ" అంటే, "నీకెందుకే, నేను చదువుతున్నానుగా" అనేవారు. అదీ నిజమే అనుకున్నాను. ఆయన పోయాక కూడా పేపరు వస్తూనే ఉంది. మడత విప్పేవాళ్ళు లేక వసారాలో పేరుకుపోయింది. మా అమ్మాయి శశికళ అది చూసి నన్ను తనతో అమెరికాలోని నేపర్‌విల్ తీసుకొచ్చేసింది.

ఆ ఇంట్లో ముందు గదిలో తూర్పు వైపు పెద్ద కిటికీ ఉండేది. దాని కింద వెచ్చటి గాలి వచ్చే జాలీ. ఆ మూలన ఒక మెత్తటి కుర్చీ వేసి, "ఇది నీదమ్మా" అంది శశి. సాయంత్రం పూట నేనూ, రెండో తరగతి చదివే నా మనవరాలు విద్యా అక్కడే ఓనమాలు మొదలుపెట్టాం. ఇద్దరికీ ఒకటే పుస్తకం, ఒకటే పంతులమ్మ. విద్య "అ" అంటే "ఆ" అనేది, నేను "ఋ" రాస్తే అది పురుగులా ఉండేది. ఎవరు ముందు "క" దాటుతారా అని పందెం. శశి మా ఇద్దరినీ సమానంగా తిట్టేది.

అలా మేము "ట" దాకా వచ్చాక స్పీకర్లు వచ్చాయి. పంతొమ్మిది వందల ఎనభై అయిదు, జనవరి.

మా అల్లుడు దామోదర్ టెలిఫోన్ పరిశోధనలు చేసే కంపెనీలో ఇంజనీరు. చాలా మంచివాడు. గట్టిగా మాట్లాడడు, మందు ముట్టడు, మంచు తనే తవ్వుతాడు. ఏ వస్తువు కొన్నా దాని గురించి మూడు నెలలు పుస్తకాలు చదివి కొంటాడు, కొన్న తరవాత మూడేళ్ళు దాని గురించే చెబుతాడు. అదొక్కటే ఇబ్బంది.

ఆ శనివారం అతనూ, అతని స్నేహితుడు జగన్మోహనూ కలిసి రెండు అట్టపెట్టెలు మోసుకొచ్చారు. ఒక్కొక్కటి విద్య కన్నా పొడుగు. శశి ఫ్రిజ్ అనుకుంది.

"ఫ్రిజ్ కాదు శశీ. ఫ్లోర్ స్టాండింగ్ స్పీకర్స్. నేల మీద నిలబడతాయి. వీటికి స్టాండ్ అక్కర్లేదు."

"మరి మనం ఎక్కడ నిలబడాలి?" అంది శశి.

పెట్టెలు విప్పగానే శశి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే బొట్టు పెట్టకుండా వాడటం మా ఇంటా వంటా లేదు. దామోదర్ అడ్డంగా నిలబడ్డాడు.

"ముందు వైపు గుడ్డ మీద వద్దు, స్టెయిన్ అవుతుంది, సౌండ్ తేడా వస్తుంది."

"వెనకాల పెడతానులెండి. దేవుడు వెనక్కి తిరిగి చూసుకుంటాడు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో కొత్త శాస్త్రం మొదలైంది. స్పీకర్లు గోడకి ఆనకూడదు. రెండిటి మధ్యా ఇంత దూరం ఉండాలి, వినేవాడు ఇదిగో ఇక్కడ కూర్చోవాలి. తివాచీ మీద టేపు ముక్కలు అంటించాడు. ఆ టేపు చోట సోఫా వేసి, సోఫాలో సరిగ్గా నడిమధ్యన ఒక్క మనిషి కూర్చుంటేనే అసలు శబ్దం వినపడుతుందట. పక్కన కూర్చున్నవాళ్ళకి వినపడేది శబ్దం కాదట. ఆ నడిమధ్య చోటులో ఎప్పుడూ దామోదరే కూర్చునేవాడు కనుక, అది నిజమో కాదో చెప్పగలిగినవాడు ఒక్కడే.

ఒక స్పీకరు వంటింటి గుమ్మం పక్కన కుదిరింది. రెండోది నిలబడవలసిన చోటు నా కిటికీ మూల.

"అత్తయ్యగారూ, ఏమీ అనుకోకండి" అన్నాడు, చేతులు నలుపుకుంటూ. "కుర్చీ మెత్తగా ఉంది కదండీ. సౌండ్‌ని పీల్చేస్తుంది."

నేను మా ఊళ్ళో మనుషుల్ని పీల్చే జలగల్ని చూశాను గాని, శబ్దాన్ని పీల్చే కుర్చీని ఎప్పుడూ చూడలేదు. అల్లుడితో వాదన పెట్టుకోవడం నాకు అలవాటు లేదు. "అలాగే నాయనా" అన్నాను. కుర్చీని కింద బేస్‌మెంట్‌లోకి దించారు. అక్కడ బట్టలుతికే మిషనూ, ఇల్లు వేడి చేసే పొయ్యీ ఉంటాయి. కిటికీ లేదు. ఒక ట్యూబులైటు, అదీ కాస్త వణుకుతుంది.

మేము అప్పటికి "ఠ" దగ్గర ఉన్నాం. నా కళ్ళకి శుక్లాలు మొదలవుతున్న రోజులు. ఆ దీపం కింద ఎంత దగ్గరగా పెట్టుకున్నా "ఠ"లో చుక్క నాకు కనపడేది కాదు. విద్య ఆ చీకటి గదిలోకి రానంది. పైన పాఠం పెట్టుకుందామంటే, దామోదర్ ఆఫీసు నుంచి వచ్చీ రాగానే స్పీకర్లకి సాధన చేయించేవాడు. కొత్తవి కదా, ముదరాలట. నేను కింద కూర్చుంటే నా నెత్తి మీద అవి దబ్‌దబ్‌మని ముదురుతూ ఉండేవి. పుస్తకం "ఠ" దగ్గర మూసేశాం. మళ్ళీ తెరుచుకుంటుందో లేదో అని నాకు బెంగ పట్టుకుంది. ఈ వయసులో ఒకసారి ఆగితే మళ్ళీ మొదలుపెట్టడం కష్టం. అందుకని ఆ కిటికీ మూల నాకు కావాలి. నేను అడిగితే ఇస్తాడు, ఇచ్చి బాధపడతాడు. అందుకే అడగలేను.

ఇక శనివారాల సంగతి. వీడియో క్యాసెట్ ప్లేయరుని కూడా స్పీకర్లకి తగిలించాడు దామోదర్. "ఇది హోమ్ థియేటర్ అత్తయ్యగారూ. సినిమా హాలే ఇంటికొచ్చింది" అన్నాడు. సినిమా హాలు వచ్చింది గాని, సినిమాలు ఇండియన్ సరుకుల కొట్టులో బియ్యంతో పాటు అద్దెకి తెచ్చినవే. అవి ఎన్ని చేతులు మారి, ఎన్నిసార్లు కాపీ అయ్యాయో. పాత టీవీలో ఆ గరగర ఎవరికీ వినపడేది కాదు. ఈ స్పీకర్లు దాన్ని దాచకుండా వినిపించాయి. దాంతో ప్రతి సినిమాలోనూ మొదటి నుంచి చివరిదాకా వాన కురిసేది. పెళ్ళి పందిట్లో వాన, కోర్టులో వాన, ఎడారిలో వాన.

"చూశారా, ఎంత డీటెయిల్!" అనేవాడు దామోదర్.

సినిమాకి ముందు వచ్చినవాళ్ళందరికీ ప్రదర్శన తప్పదు. ఒక రికార్డు ఉండేది. అందులో ముందు రైలు వెళుతుంది, తరవాత పిడుగు పడుతుంది, చివర్న గాజు గ్లాసు పగులుతుంది. అందరూ చేతిలో పకోడీ ప్లేటు పట్టుకుని, నమలడం ఆపి, ఆ గ్లాసు పగిలేదాకా ఆగేవారు. "అబ్బ! ఏం పగిలిందండీ" అనేవారు. పాట మాత్రం ఎవరూ పూర్తిగా విన్నట్టు నాకు గుర్తు లేదు.

"ఇంత తక్కువ ధరకి ఇంత సౌండ్ అమెరికా మొత్తంలో లేదు" అని దామోదర్ ఊరందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. అది విని జగన్మోహన్ కూడా అవే కొన్నాడు. అతనిది వరంగల్ వైపు. రంగుల కంపెనీలో కెమిస్టు. అతని ఇంటికి వెళితే ఒక స్పీకరు మీద మనీ ప్లాంటు కుండీ ఉంది.

"స్పీకర్ మీద నీళ్ళ కుండీ ఏంటి జగన్?" అని దామోదర్ గోల పెట్టాడు.

"ఏం జేయాలె దామోదర్? మా ఇంటామె పెట్టింది. తీస్తే అన్నం బెట్టదు. అయినా మంచిగనే మోగుతుంది. మొక్క గూడ మంచిగనే పెరుగుతుంది."

ఇద్దరివీ ఒకటే రకం, ఒకటే కొట్టు, ఒకటే ధర. అయినా దామోదర్‌కి తన ఇంట్లోవి ఎక్కువ గంభీరంగానూ, జగన్మోహన్‌కి తన ఇంట్లోవి ఎక్కువ తేటగానూ వినపడేవి.

చిక్కంతా డాక్టరుగారితో వచ్చింది. సూర్యప్రకాశ్‌గారు గుండె డాక్టరు. మా వాళ్ళలో ఎవరికి దగ్గొచ్చినా, గుండెకి సంబంధం లేకపోయినా, ఆయనకే ఫోను. ఊరికే చూస్తారు, ఊరికే మందులిస్తారు. అందుకని ఆయన ఏమన్నా ఎవరూ కాదనరు. ఆయన ఒక శనివారం వచ్చి, సోఫా నడిమధ్యన కూర్చుని, రైలూ పిడుగూ గ్లాసూ అన్నీ విని లేచి, దామోదర్ భుజం తట్టారు.

"బాగున్నాయోయ్. ధరకి తగ్గట్టుగా బాగున్నాయి."

ఆ "ధరకి తగ్గట్టుగా" మా అల్లుడికి ముల్లులా గుచ్చుకుంది. వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ పై వారం తెలిసింది, డాక్టరుగారు ఇంగ్లండు నుంచి తెప్పించిన స్పీకర్లు కొన్నారని. అవీ నిలువువే, అసలు టేకు చెక్కవి. ధర మావాటికి నాలుగైదు రెట్లు. వాటి కోసం ఆయన భార్య పద్మిని సోఫా గరాజ్‌లోకి వెళ్ళిందట.

"డాక్టర్‌గారూ, ఒక టెస్ట్ పెడదాం" అన్నాడు దామోదర్ ఫోనులో. "మీవి మా ఇంటికి తీసుకురండి. తెర వెనకాల రెండు పెయిర్లూ పెడదాం. ఏది ఎవరిదో ఎవరికీ తెలీదు. అందరూ విని ఓటు వెయ్యాలి."

ఫోను పెట్టేశాక శశి నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఓడిపోతే?"

"ఓడిపోవు."

"ఓడిపోతే ఏం చేస్తారో చెప్పండి. ఇదిగో, అమ్మ ముందే చెప్పండి."

దామోదర్ నా వైపు చూశాడు. "ఓడిపోతే ఆ రాత్రికి ఆ రాత్రే స్పీకర్స్ బేస్‌మెంట్‌లోకి. అత్తయ్యగారి కుర్చీ మళ్ళీ కిటికీ దగ్గరికి. గెలిస్తే మాత్రం ఇక ఆ మాట ఎత్తకూడదు."

"మాటంటే మాటేనా?"

"మాటంటే మాటే."

ఇలా నా చదువు పందెంలోకి ఎక్కింది. ఆ వారమంతా నేను వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకున్నాను, మా అల్లుడు ఓడిపోవాలని. దేవుడి పటాలు ఆ ఇంట్లో వంటింటి అల్మరాలో, కార్న్‌ఫ్లేక్స్ డబ్బా పక్కన ఉండేవి. తలుపు తీసి, దణ్ణం పెట్టుకుని, మళ్ళీ మూసేయాలి. అందులో దీపం పెట్టడానికి వీల్లేదు. కాబట్టి నా మొర ఆయనకి ఎంతవరకు చేరిందో నాకు తెలియదు.

శనివారం డాక్టరుగారు తమ స్పీకర్లని దుప్పట్లలో చుట్టి, పసిపిల్లల్ని తెచ్చినట్టు పెద్ద కారులో తెచ్చారు. నా తెల్ల వెంకటగిరి చీర గదికి అడ్డంగా కట్టి తెర చేశారు. తెర వెనకాల నాలుగు పెట్టెలూ పెట్టారు. మీట తిప్పే పని జగన్మోహన్‌ది. ఒకటో నంబరు, రెండో నంబరు అని అరవాలి, అంతే.

డాక్టరుగారు తెర వెనక నుంచి వచ్చి, "మిగతాది జగన్ చూసుకుంటాడు" అన్నారు. జగన్మోహన్ తెర వెనక్కి వెళుతూ, "డాక్టర్‌సాబ్ అంతా పెట్టేశిండు" అన్నాడు. అప్పటికే వంకాయ కూర ఘుమఘుమలాడుతోంది. ఇక ఎవరూ ఏమీ అడగలేదు.

భోజనాలయ్యాక ఇరవై ముప్ఫై మంది గదిలో కూర్చున్నారు. సోఫా మీద ఆసుపత్రి వాళ్ళు, నేల మీద టెలిఫోన్ కంపెనీ వాళ్ళు. నేను వంటింటి గుమ్మంలో.

"ఒకటో నంబర్!" అని తెర వెనక నుంచి కేక. పాట మొదలైంది. ఏదో వీణ. కొంచెంసేపయ్యాక ఆగింది. అంతా నిశ్శబ్దం. తెర వెనక ఏవో చప్పుళ్ళు.

"ఏమైంది జగన్?" అన్నాడు దామోదర్.

"ఏం లేదు, ఏం లేదు. ఒక్క నిమిషం... ఆఁ, అయిపోయింది. రెండో నంబర్!"

అదే వీణ మళ్ళీ.

నేను వీణ వినడం లేదు, మనుషుల్ని చూస్తున్నాను. నేనే కాదు, ఎవరూ వీణ వినడం లేదు. అందరికీ ఒకటే చిక్కు. ఇప్పుడే ఎవరి పప్పూ అన్నం తిన్నారో ఆయన ఒక వైపు, రేపు దగ్గొస్తే ఎవరికి ఫోను చెయ్యాలో ఆయన ఒక వైపు. ఏది ఎవరిదో తెలిస్తే ఏదో ఒక మొహమాటానికి ఓటు వేసి బయటపడొచ్చు. తెలియకపోతే ఎలా? అందుకని ఆసుపత్రి వాళ్ళు డాక్టరుగారి మొహం చూస్తున్నారు. ఆయన ఒకటో నంబరుకి కళ్ళు మూసుకుని తల ఊపారు. టెలిఫోన్ వాళ్ళు దామోదర్ కాలు చూస్తున్నారు. అతను రెండో నంబరుకి కాలితో తాళం వేశాడు.

"ఒకటో నంబర్ బాగుందనేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు దామోదర్.

సోఫా మొత్తం చేతులెత్తింది.

"ఎందుకు బాగుందో కూడా చెప్పాలి" అన్నాడు.

"డెప్త్ అండీ" అన్నాడొక చెవుల డాక్టరు. "ఒకటో దాంట్లో వీణ కడుపులోంచి వస్తోంది. రెండో దాంట్లో గొంతులోంచి వస్తోంది."

"అదేం కాదు" అన్నాడు నేల మీద నుంచి ఒక టెలిఫోన్ ఇంజనీరు. "రెండో దాంట్లో తీగ తీగా విడిగా వినపడుతోంది. ఒకటోది బురదగా ఉంది."

"బురదా? సార్, అది వెచ్చదనం."

"వెచ్చదనం కావాలంటే హీటర్ పెట్టుకోండి."

నేల మీద వాళ్ళందరూ రెండో దానికి చేతులెత్తారు. పద్మిని చేతులెత్తలేదు, ఆవలించింది. లెక్కపెడితే రెండు వైపులా సమానం.

"పిన్నిగారు ఓటు వెయ్యలేదు" అన్నారు డాక్టరుగారు, నన్ను చూసి. "పిన్నిగారి ఓటే ఫైనల్."

అందరూ నా వైపు తిరిగారు. శశి నాకు కళ్ళతో ఏదో చెబుతోంది గాని, దానికీ ఏది ఏదో తెలియదు. నేను ఆలోచించాను. ఎవరి బిడ్డ ఏడుపు వాళ్ళకి తెలియకుండా ఉంటుందా? అన్ని డబ్బులు పోసి కొన్నవాటిని డాక్టరుగారు గుర్తుపట్టే ఉంటారు. కాబట్టి ఒకటోది ఆయనది. అది గెలవాలి, మావి ఓడాలి, నా కుర్చీ పైకి రావాలి.

గొంతు సవరించుకున్నాను. "ఒకటోదే నాయనా" అన్నాను. "దాంట్లో... లోతు ఉంది."

సోఫా చప్పట్లు కొట్టింది. డాక్టరుగారు లేచి నాకు నమస్కారం పెట్టారు. "చూశావా దామోదర్? చదువుకోకపోయినా పెద్దావిడ చెవి!" అన్నారు. దామోదర్ మొహం వాడిపోయింది. ఆ మొహం చూస్తే నాకు జాలేసింది గాని, శశి అప్పటికే బేస్‌మెంట్ మెట్లు దిగి నా కుర్చీ లాక్కొస్తోంది.

కుర్చీ సగం మెట్లెక్కేసరికి పద్మిని బయట నుంచి వచ్చింది. తను తెచ్చిన గిన్నెలో శశి పులిహోర నింపి ఇస్తే, అది కారులో పెట్టడానికి వెళ్ళింది. చేతిలో ఒక సంచీ.

"ఏవండీ, ఈ వైర్లు కారులోనే ఉన్నాయేమిటి? వీటితోనే కదా మీ స్పీకర్లు తగిలించేది?"

డాక్టరుగారు సంచీలోకి చూశారు. దామోదర్ కూడా చూశాడు. తరవాత ఇద్దరూ తెర వైపు చూశారు. జగన్మోహన్ తెర పక్క నుంచి మెల్లగా తల బయటపెట్టాడు.

"జగన్, నువ్వు వైర్లు కనెక్ట్ చెయ్యలేదా?"

"నాకేం ఎరుక? మీరు పెట్టిన్రనుకున్న."

"నువ్వు పెడతావనుకున్నాను! మరి... మరి రెండో నంబరు ఎలా మోగింది?"

జగన్మోహన్ మెడ గోక్కున్నాడు. "మోగలే సార్. రెండో దానికి తిప్పితే ఏం రాలే. ఇగ మళ్ళ ఒకటో దానికే తిప్పి, రెండో నంబర్ అని చెప్పిన."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఎట్ల చెప్తా సార్, అంతమంది ముందట? అంత పెట్టి కొన్నవి మోగుతలేవు అంటే మీకెట్లుంటది? మొన్న మా చిన్నోనికి జ్వరమొస్తే మీరే గద చూసింది."

చెవుల డాక్టరు తన కోటు ఎక్కడుందో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. తీగ తీగా విడిగా విన్న ఇంజనీరుకి హఠాత్తుగా పిల్లల్ని పడుకోబెట్టే వేళయింది.

దామోదర్‌కి సంగతి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం వెలిగింది.

"అంటే రెండుసార్లూ మోగింది మావే! లోతూ మాదే, తీగలూ మావే! డాక్టర్‌గారు తల ఊపింది మా స్పీకర్స్‌కే!"

"పోటీ జరగందే గెలుపేమిటోయ్?" అన్నారు డాక్టరుగారు. "వైర్లు తగిలించి మళ్ళీ పెడదాం."

"మళ్ళీనా!" అని సోఫా, నేలా కలిసి ఒకే గొంతుతో అన్నాయి. ఆ రాత్రి ఆ రెండు వర్గాలకీ కుదిరిన ఒకే ఒక ఏకాభిప్రాయం అది. నిమిషాల మీద కోట్లు వేసుకున్నారు.

"శశీ, అత్తయ్యగారి కుర్చీ కిందికి దించెయ్" అన్నాడు దామోదర్. "మనం ఓడిపోలేదుగా."

శశి మెట్ల మధ్యలో కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది. దేవుడు అల్మరాలోంచి విన్నాడు గాని, సగమే విన్నాడు అనుకున్నాను.

అప్పుడు పద్మిని నోరు విప్పింది. ఆ పిల్ల మామూలుగా ఎక్కువ మాట్లాడదు.

"ఏవండీ, ఒక్కటి చెప్పండి. మీరు కళ్ళు మూసుకుని తల ఊపారే, అది దామోదర్‌గారి స్పీకర్లకేనా?"

"అది... గది అకూస్టిక్స్ వల్ల..."

"అకూస్టిక్స్ సంగతి తరవాత. మీవేవో మీకే తెలియనప్పుడు, నా సోఫా గరాజ్‌లో ఎందుకుంది?"

"పద్మినీ, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"మాట్లాడుకుందాం. అవి మాత్రం ఇంటికి రావు. ఇక్కడే ఉండనివ్వండి. దామోదర్‌గారూ, మీకేం ఇబ్బంది లేదుగా?"

దామోదర్‌కి చాలా ఇబ్బంది ఉంది. అతని మొహంలోనే కనపడుతోంది. అయినా ఏమంటాడు? ఆయన గుండె డాక్టరు. ఈవిడ ఆయన భార్య.

"అయ్యో, ఇబ్బందేముందండీ. ఎన్నాళ్ళైనా ఉంచండి" అన్నాడు.

అలా మా ఇంట్లో రెండు కాదు, నాలుగు నిలువు స్పీకర్లయ్యాయి. డాక్టరుగారి జత రెండూ పక్కపక్కన, కిటికీకి ఓరగా నిలబెట్టారు, వైర్లు లేకుండా. నా కుర్చీ మళ్ళీ మెట్లు దిగింది.

మర్నాడు ఆదివారం. మా అల్లుడు ఆలస్యంగా లేస్తాడు. నేను పొద్దున్నే స్నానం చేసి పైకి వచ్చి, దేవుడికి దణ్ణం పెడదామని అల్మరా తలుపు తీశాను. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా వెంకటేశ్వరస్వామి పాదాల మీద వాలి ఉంది. అది సరిచేస్తూ ముందు గదిలోకి చూశాను. తూర్పు కిటికీలోంచి ఎండ వచ్చి ఆ టేకు చెక్క మీద పడుతోంది. మంచి చెక్క, నునుపుగా, నడుమెత్తున. రెండూ పక్కపక్కన ఉంటే అచ్చం దేవుడి పీటలా ఉన్నాయి. జగన్మోహన్ ఇంట్లో కుండీ గుర్తొచ్చింది.

"శశీ, ఒకసారి రామ్మా" అన్నాను.

శశి వచ్చింది. చూసింది. నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. వెళ్ళి జరీ అంచు గుడ్డ తెచ్చి వాటి మీద పరిచింది. పటాలన్నీ ఒక్కొక్కటే తెచ్చి పెట్టాం. పసుపు రాశాం, బొట్లు పెట్టాం. ఈసారి ముందు వైపే. ఇత్తడి కుందిలో దీపం వెలిగించి, హారతి ఇచ్చి, గంట కొట్టాం. దేవుడి పక్కన కూర్చుని జపం చేసుకోవడానికి ముసలిదానికి కుర్చీ కావాలి కదా అని శశే నా కుర్చీ తెచ్చి, ఆ పక్కన వేసింది.

గంట మోత విని దామోదర్ లేచి వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు.

"అత్తయ్యగారూ, అవి... అవి స్పీకర్లండీ."

"తెలుసు నాయనా. మోగుతున్నాయా?"

"లేదండీ. వైర్లు లేవుగా."

"అయితే స్వామికి ఇబ్బంది లేదు."

"కాని కుర్చీ..." అని నా కుర్చీ వైపు వేలు చూపించి, సగంలో ఆపేశాడు. దీపం వెలుగుతోంది. వెలుగుతున్న దీపం ముందు నుంచి దేవుణ్ణి తియ్యమనడం ఎంత చదివినవాడికీ చేతకాదు. సౌండ్ పీల్చడం గురించి మాట్లాడడానికి అది చోటూ కాదు. కాసేపు అలా నిలబడి, చెప్పులు విప్పి, దణ్ణం పెట్టుకున్నాడు.

"ప్రసాదం తీసుకోండి" అంది శశి, నవ్వు ఆపుకుంటూ. "నిన్న గెలిచారుగా."

ఆ పొద్దున్నే విద్యా, నేనూ పుస్తకం తెరిచాం. ఎండలో "ఠ" చుక్క నల్లగా, గుండ్రంగా, స్పష్టంగా కనపడింది. విద్య నాకన్నా ముందు రాసి, "నేనే ఫస్ట్ అమ్మమ్మా!" అంది. అనుకోనీ.

ఆ పై శనివారం మళ్ళీ అందరూ వచ్చారు. పోయిన వారం సంగతి ఎవరూ ఎత్తలేదు. నాలుగు పెట్టెల్ని చూసి, "ఓహో, నాలుగు స్పీకర్లతో సెటప్పా! థియేటర్‌లా చుట్టూ వినపడుతుందన్నమాట" అన్నారు. దామోదర్ రికార్డు పెట్టాడు. రైలు వెళ్ళింది, పిడుగు పడింది, గ్లాసు పగిలింది. చెవుల డాక్టరు కళ్ళు మూసుకుని, "తేడా తెలుస్తోందండీ. వెనక వైపు నుంచి ఆ డెప్త్!" అన్నాడు. వెనక వైపు నుంచి వస్తున్నది మా అగరొత్తుల వాసన ఒక్కటే.

డాక్టరు సూర్యప్రకాశ్‌గారు తన స్పీకర్ల ముందు నిలబడి కళ్ళకద్దుకుని కుంకుమ పెట్టుకున్నారు. పద్మిని వాటిని వెనక్కి తెమ్మనలేదు. దేవుడు కూర్చున్న పీట అడిగి తీసుకుపోవడానికి ఆయనకీ నోరు రాలేదు. వాళ్ళ సోఫా మాత్రం గరాజ్‌లోంచి ఇంట్లోకి వచ్చిందని విన్నాను.

రెండేళ్ళ తరవాత దామోదర్‌కి అరిజోనాలో కంప్యూటర్ చిప్పులు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చి ఇల్లు మారాం. మా చవక స్పీకర్లని జగన్మోహన్‌కి ఇచ్చేశాడు. ఇప్పుడు అతని ఇంట్లో నాలుగు, మొక్కలు కూడా నాలుగు. టేకువి మాతో వచ్చాయి. సామాను ఎక్కించే మనిషి వాటిని చూసి, స్పీకర్లా అని ఇంగ్లీషులో అడిగితే, విద్య, "నో, దట్స్ గాడ్స్ టేబుల్" అంది. దామోదర్ పక్కనే ఉన్నాడు. కాదనలేదు.

ఇక్కడ ఎండకి లోటు లేదు. శుక్లాలు తీయించుకున్నాను. ఓనమాలు పూర్తయ్యాయి, ఒత్తులు కూడా చాలావరకు. పొద్దున్న దీపం పెట్టి, మా ఊరి నుంచి పోస్టులో వారం ఆలస్యంగా వచ్చే పేపరు మడత విప్పి, మొదటి వార్త నుంచి పైకి చదువుతాను. వినేవాళ్ళు వింటారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ రెండు స్పీకర్లూ వింటాయి. వాటికి అంతకన్నా పని లేదు.

మాగంటి కనకరత్నం
అరవై ఎనిమిదేళ్ళు
ఉండేది చాండ్లర్, అరిజోనాలో, అమ్మాయి వాళ్ళింట్లో, కిటికీ పక్కన.